చెంగడికి చోటు నేర్పిన సభ

అడవి చాలా పెద్దది. అందులో చెట్లెన్నో ఎవరికీ తెలీదు గానీ పెద్దలెవరో మాత్రం కళ్ళు లేనివాడికైనా తెలుస్తుంది. వాసన వస్తుంది మరి.

హాస్యానికి అన్న మాట కాదు. అక్కడి పద్ధతే అంత. పొద్దున లేవగానే ప్రతి పెద్దా తన హద్దు దాకా నడిచి, అక్కడి చెట్టు మొదట్లో కాస్త పోసి వస్తుంది. పోసినంత మేరా దానిదే. దీన్ని సంతకం అంటారు. పెద్దలు పోస్తే సంతకం, పిల్లలు పోస్తే కంపు. ఈ తేడా తెలియని జంతువుకి ఆ అడవిలో బతుకు లేదు.

అడవికో సభ ఉంది. సభకి అధ్యక్షుడు బొంతన్న అనే ఎలుగుబంటి. ఒళ్ళంతా బొచ్చు, బొచ్చు నిండా నిద్ర. మెలకువ వచ్చినప్పుడల్లా "క్రమశిక్షణ!" అని ఒక అరుపు అరిచి మళ్ళీ పడుకుంటాడు.

శుభ్రత చూసేది జవ్వాదమ్మ, పునుగుపిల్లి. కనబడ్డ కొమ్మకల్లా తోక కింది జిడ్డు రాసి "అబ్బ, ఏం పరిమళం" అని తనే మురిసిపోతుంది. ఇంకెవరి వాసన తగిలినా మూతి తిప్పుకుంటుంది.

దారులు చూసేది ముట్టెక్క, అడవిపంది. దుంపల కోసం దారంతా తవ్వేస్తుంది. తవ్వేశాక, నడవడానికి దారే లేదని సభలో గోల పెడుతుంది.

చదువు సంగతి వాలేశం చూస్తాడు. కొండముచ్చు. కొన్నాళ్ళు ఊళ్ళో ఒక బంగళా గోడ మీద కూర్చుని వచ్చాడు. అంతకంటే చదువు ఆ అడవిలో ఇంకెవరికీ లేదు.

ఇక చెంగడు.

చెంగడు ఊరి కుక్క. గుప్పెడంత ఉన్నప్పుడు ఎవరో తెచ్చుకుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. కాళ్ళు పొడుగై, చెవి ఒకటి పైకీ ఒకటి కిందకీ అయ్యి, చెప్పులు కొరకడం మొదలెట్టేసరికి ముద్దు తీరిపోయింది. కారులో తెచ్చి ఘాటు రోడ్డు మీద దింపి, తలుపేసుకుని పోయారు. ఆ రోడ్డు మీద లారీలు మలుపు దగ్గర హారను కొడతాయి గానీ ఆగవు.

వాణ్ణి అక్కడ చూసింది సూదమ్మ. సూదమ్మ ఏదుపంది, ఒంటినిండా ముళ్ళు. వెంటబెట్టుకుని తన బొరియకి తీసుకొచ్చింది. "నన్ను ఆనుకోకు నాయనా, గుచ్చుకుంటాయి" అని చెబుతూనే పక్కన చోటిచ్చింది. వాడు ఆనుకునే పడుకున్నాడు. పొద్దున ముక్కు మీద రక్తపు చుక్క. అయినా తోక ఊపాడు.

వాడిది వచ్చీ రాని వయసు. ఒక పని మొదలుపెడితే ఇంకో పని కనబడేదాకానే. సీతాకోకచిలుక ఎగిరితే దాని వెనక, ఆకు రాలితే ఆకు వెనక, ఏదీ లేకపోతే తన తోక వెనక. ఒంటికి వస్తే ఎక్కడున్నాడో అక్కడే. గుర్తుంటే కాలెత్తి, గుర్తు లేకపోతే నడుస్తూనే.

ఒక పొద్దున ఒక పచ్చ సీతాకోకచిలుక వాణ్ణి సభాస్థలి దాకా తీసుకుపోయింది. బొంతన్న అప్పుడే మద్దిచెట్టుకి సంతకం చేసి వెనుదిరిగాడు. చెంగడు వాసన చూశాడు. ఎవరో పలకరించినట్టే ఉంది. పలకరిస్తే తిరిగి పలకరించాలి కదా! కాలెత్తి, సరిగ్గా అధ్యక్షుల వారి సంతకం మీదే పోశాడు.

బొంతన్న నిద్ర వదిలిపోయింది. సభ కూడింది.

"నా సంతకం మీద సంతకమా!" అన్నాడు బొంతన్న.

"సంతకమనకండి అధ్యక్షా, వాడిది కంపు," అని జవ్వాదమ్మ సరిదిద్దింది. "పరిమళం తెలిసినదాన్ని, నేను చెబుతున్నా."

"ఏందయ్యా మీ సోది," అంది ముట్టెక్క. "వచ్చిన రోడ్డు మీదకే తోలెయ్యండి, పీడా పోద్ది."

అందరికంటే వెనక నిలబడ్డ సూదమ్మ ముళ్ళు చప్పుడైనాయి. "అమ్మా, అయ్యా, ఆ రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. వాడికి తప్పుకోవడం రాదు. సీతాకోకచిలుక కనబడితే నడిరోడ్డులో నిలబడి చూస్తాడు. చచ్చిపోతాడు."

"అది సీతాకోకచిలుకల తప్పు," అన్నాడు బొంతన్న. "వాటిని మందలిద్దాం."

అప్పుడు వాలేశం తోక పైకెత్తాడు. ఏదైనా చదువుకున్న మాట చెప్పబోయే ముందు తోక పైకెత్తడం అతని అలవాటు.

"నేను బంగళా గోడ మీద ఉన్నప్పుడు చూశానండీ. పొద్దున్నే ఒకాయన నిక్కరేసుకుని వస్తాడు. కుక్క మెడకి తాడు. రెండో కొస ఆయన చేతిలో. కుక్క బుద్ధిగా ఆయన పక్కనే నడుస్తుంది. ఆగమంటే ఆగుతుంది. తన చోటికి పోయి, ఒంటికి పోసుకుని వస్తుంది. దారినపోయే వాళ్ళు ఆ కుక్కని చూసి ఊరుకోరు, తాడు పట్టుకున్నాయన్ని చూస్తారు."

"ఎవర్ని చూస్తారూ?" అన్నాడు బొంతన్న.

"తాడు పట్టుకున్నాయన్ని."

"మళ్ళీ చెప్పు."

వాలేశం మళ్ళీ చెప్పాడు. బొంతన్న చెవులు నిక్కాయి. కారణం లేకపోలేదు. ఇప్పపూలు రాలే వేళకి పై అడవి నుంచి ఏనుగు పెద్దమ్మ దిగి వస్తుంది. సభ ఎలా నడుస్తోందో చూసి, అధ్యక్షుడు ఉండాలో దిగాలో ఒక మాట అనేసి పోతుంది. పోయినేడు వచ్చినప్పుడు "ఈ ఎలుగు నిద్రపోతోందా, ప్రాణం పోయిందా?" అని అడిగింది. అప్పట్నుంచీ బొంతన్నకి దిగులే.

"సరే," అన్నాడు. "పెద్దమ్మ వచ్చేసరికి వీడు తన చోట ఒంటికి పోసుకోవడం, తాడుతో నడవడం నేర్చుకోవాలి. నేర్చుకుంటే అడవిలో ఉంటాడు. లేదా, రోడ్డు."

సూదమ్మ చెంగడి వైపు చూసింది. "విన్నావా నాయనా?"

చెంగడు వినలేదు. చీమ ఒకటి పోతుంటే దాని వెనకే పోతున్నాడు.

*

మొదట చోటు చూడాలి.

"ఒకటే చోటు ఉండాలండీ," అన్నాడు వాలేశం. "ఎక్కడ పెడదాం?"

ఎవరికి వారు పక్కవాళ్ళ హద్దు వైపు చూడసాగారు.

"నా గుంటల కాడ కుదరదు," అంది ముట్టెక్క. "మావోళ్ళు పొర్లే బురద అది. శుభ్రమైన బురద."

"నా వైపు గాలి ఎక్కువ," అంది జవ్వాదమ్మ. "వాసన అడవంతా పోతుంది. నా కోసం కాదు, అడవి కోసం చెబుతున్నా."

"అధ్యక్షుడి వైపు అనే మాట అసలు పుట్టకూడదు," అన్నాడు బొంతన్న.

"మా బొరియ పక్కన పెట్టండయ్యా," అంది సూదమ్మ.

"అక్కడ పెడితే శిక్షణ మీరిచ్చినట్టవుతుంది," అని వాలేశం కొట్టిపారేశాడు.

చాలాసేపు వాదించుకుని చివరికి న్యాయంగా తేల్చారు. కష్టం ఒకరి నెత్తిన పడకూడదు కాబట్టి చెంగడి చోటు వారానికొక హద్దులోకి మారుతుంది. ఈ వారం ముట్టెక్క వైపు, వచ్చేవారం జవ్వాదమ్మ వైపు, ఆ తర్వాత ఇంకొకరి వైపు. ఇంత సమన్యాయం ఏ అడవిలోనూ లేదని వాళ్ళకి వాళ్ళే చప్పట్లు కొట్టుకున్నారు.

మొదటివారం ముట్టెక్క వైపున్న తుమ్మచెట్టు. చెంగడికి దాని సంగతి అర్థమయ్యేసరికి వారమంతా పట్టింది. అర్థమయ్యాక సంబరంగా పరిగెత్తుకెళ్ళి, ఆ చెట్టు కిందే పోసి, తోక ఊపుతూ నిలబడ్డాడు. ముట్టెక్క మూతితో ఒక్కటిచ్చింది.

"సచ్చినోడా! ఈ వారం జవ్వాదమ్మ వైపు కదరా!"

చెంగడు బోర్లా పడ్డాడు. చెట్టు అదే, పని అదే. నిన్న "భేష్" అన్నారు, ఇవాళ కొట్టారు. వాడికేం పాలుపోలేదు.

"ముక్కు రాయాలండీ," అన్నాడు వాలేశం. "పోసిన దాంట్లో ముక్కు పట్టుకుని రాస్తే బుద్ధొస్తుంది. బంగళా పక్కింటి వాళ్ళు అలాగే చేసేవాళ్ళు."

"మరి వాళ్ళ కుక్కకి బుద్ధొచ్చిందా?"

"వాళ్ళు ఇల్లు మారిపోయారు," అని వాలేశం చెంగడి ముక్కు పట్టుకున్నాడు.

జవ్వాదమ్మ అలాంటి మొరటు పనులు చెయ్యదు. ఆమెది నోటి శిక్షణ. పొద్దున పోసిన మడుగు ఆమెకి సాయంత్రం కనబడేది. అప్పుడు చెంగణ్ణి వెతికి పట్టుకుని, వాడు ఏ మోదుగాకుతోనో ఆడుకుంటుంటే ఎదురుగా నిలబడి, సిగ్గు శరం దగ్గర మొదలుపెట్టి వాడి వంశం దాకా తిట్టేది. చెంగడు ఆమెని చూసేవాడు, కాళ్ళ కిందున్న మోదుగాకుని చూసేవాడు. ఆకుతో ఆడటం మహాపాపం కాబోలనుకున్నాడు. అప్పట్నుంచీ గాలికి ఆకు రాలితే చాలు, వణికిపోయి పొద కిందికి దూరేవాడు.

"చూశారా, భయం వచ్చింది," అంది జవ్వాదమ్మ. "భయమొస్తే సగం వచ్చినట్టే."

ఇన్ని దెబ్బలు తిన్నాక చెంగడి బుర్రకి ఒకటే ఎక్కింది. ఎవరైనా చూస్తుండగా పోస్తే దెబ్బలు. ఎవరూ లేనిచోట పోస్తే ఏమీ లేదు. ఇందులో వాడి తప్పేం లేదు. వాళ్ళు నేర్పింది అదే.

ఎవరూ లేనిచోటు కావాలంటే ఏది? బొంతన్న సభకి పోయినప్పుడు బొంతన్న గుహ. జవ్వాదమ్మ కొమ్మలకి జిడ్డు రాయడానికి పోయినప్పుడు జవ్వాదమ్మ తొర్ర. ముట్టెక్క దుంపలకి పోయినప్పుడు ముట్టెక్క గుడిసె. చెంగడు చప్పుడు కాకుండా వెళ్ళి, పని కానిచ్చుకుని, చప్పుడు కాకుండా వచ్చేవాడు.

కొన్నాళ్ళకి సభ మళ్ళీ కూడింది.

"చెంగడు ఒంటికి పోసుకోవడం ఈమధ్య ఎవరైనా చూశారా?" అని అడిగాడు వాలేశం.

ఎవరూ చూడలేదు.

"అయితే మానేశాడు."

"మానెయ్యడమేందయ్యా?" అంది ముట్టెక్క. "తాగిన నీళ్ళు యాడికి పోతన్నాయి?"

"శిక్షణలో ఇమిడిపోతాయి," అన్నాడు వాలేశం తోక పైకెత్తి. అంత చదువుకున్న మాటకి అడ్డం చెప్పే ధైర్యం ఎవరికుంది? శిక్షణ ఫలించిందని తీర్మానం చేసేశారు.

ఆ తీర్మానమే వాళ్ళ నోళ్ళు కట్టేసింది. బొంతన్నకి పక్క తడి తగిలింది. కుక్క మానేసిందని తనే ఒప్పుకున్నాడాయె, మరిక ఆ తడి ఎవరిది? "వయసు మీద పడుతోంది కాబోలు, నాకే తెలియకుండా అయిపోతోంది" అని కుమిలిపోయి, ఎండుటాకులు తనే గుట్టుగా మార్చుకున్నాడు. జవ్వాదమ్మ తన పరిమళమే పాడైపోతోందని భయపడి, జిడ్డు రెండింతలు రాసింది. ముట్టెక్కకి ఇంకెవరి మీదా అనుమానం రాలేదు. ముసలాడైన మొగుడున్నాడు కదా. "ఈ వయసులో నీకిదేం రోగమయ్యా" అని వాణ్ణి బయట పడుకోబెట్టింది. "నేను కాదే" అని ముసలిపంది ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఇంటి గుట్టు బయట పెట్టుకుంటామా? సభలో ఒకరికొకరు ఎదురుపడితే "మా ఇల్లా? అద్దం" అనేవాళ్ళు.

అసలు సంగతి తెలిసినదల్లా సూదమ్మకే. ఆమె బొరియలోనూ తడే. ఆమె కూడా చెప్పలేదు. చెబితే రోడ్డు. కాళ్ళతో మట్టి గీరి పైన కప్పి, ఎవరడిగినా "మావాడా? ముత్యం" అనేది.

*

తర్వాత తాడు.

అడ్డతీగ తెచ్చి చెంగడి మెడకి కట్టారు. రెండో కొస ఎవరు పట్టుకోవాలి? బొంతన్న అధ్యక్షుడు. జవ్వాదమ్మది శుభ్రత. కుక్క నడిచేది దారి మీద, దారులు ముట్టెక్కవి. అసలు తాడు సంగతి చెప్పిందే వాలేశం. ఎవరూ తగ్గలేదు. తలా ఒక తీగ కట్టి తలా ఒక వైపు పట్టుకున్నారు.

"ఆగు!" అన్నాడు బొంతన్న.

"నిలబడరా!" అంది ముట్టెక్క.

"ష్ష్!" అంది జవ్వాదమ్మ.

"స్టే!" అన్నాడు వాలేశం. బంగళా మాట.

చెంగడు ఒక్కొక్కరి వైపూ చూశాడు. ఈ జంతువులకి ఉన్నట్టుండి ఏవో చప్పుళ్ళు చెయ్యడం అలవాటు కాబోలనుకున్నాడు. ఇంతలో ఉడుత ఒకటి పరిగెత్తింది. చెంగడు లాగాడు. వాళ్ళూ లాగారు. వాడు ఇంకా లాగాడు. వాళ్ళు జారారు. ఉడుత ఎక్కిన చెట్టు దాకా పోయి, తీరిగ్గా వాసన చూశాడు. తాడంటే ఏమిటో వాడికి ఆ పూటే తెలిసిపోయింది. తాడంటే లాగడం. గట్టిగా లాగితే కావలసింది దొరుకుతుంది.

తాడు మీద మోజు ఎక్కువ కాలం నిలవలేదు. చెంగడు ముళ్ళపొదలోకి ఈడ్చుకుపోయాక ముట్టెక్కకి కాలు బెణికింది. జవ్వాదమ్మకి పొద్దున్నే పూజలు మొదలయ్యాయి. వాలేశం "నేను పైనుంచి చూసుకుంటా" అని చెట్టెక్కాడు. మిగిలింది బొంతన్న ఒక్కడే. పట్టు జారిపోతోందని తీగని తన పొట్ట చుట్టూ తిప్పి, విడిపోకుండా గట్టి ముడి వేయించుకున్నాడు.

ఆ రోజునుంచీ అడవంతా చూసింది. ముందు చెంగడు. వెనక బొంతన్న, కాసేపు పరుగు, కాసేపు బోర్లా.

"ఎక్కడికి అధ్యక్షా, ఇంత పొద్దున్నే?" అని దారిలో కుందేళ్ళు అడిగేవి.

"వాగు దాకా! నేనే అనుకున్నా... వెళ్దామని..." అని రొప్పుతూ చెప్పేవాడు. కుక్క వాగు ముందు తిరిగి కొండవైపు పోతే "కొండ కూడా అనుకున్నా!" అనేవాడు.

ఇప్పపూలు రాలాయి. ఏనుగు పెద్దమ్మ వచ్చింది.

సభాస్థలి ఊడ్చారు. మామిడాకులు కట్టారు. జంతువులన్నీ బారులు తీరాయి. చెంగడు మధ్యలో, మెడకి కొత్త తీగ, దాని రెండో కొస బొంతన్న పొట్టకి. ఇంతమంది కళ్ళు తనమీదే ఉన్నాయి కాబట్టి వాడు పొద్దున్నుంచీ ఒంటికి పోసుకోలేదు. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, చెవులు వెనక్కి వాల్చి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కదిలితే ఒలికిపోతుందని వాడి బాధ. వెనక పొద పక్కన నిలబడ్డ సూదమ్మ వాడి ముఖం చూసి "తండ్రీ, ఈ ఒక్క పూట" అని కనిపించని దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది.

"చూడండమ్మా," అన్నాడు బొంతన్న ఛాతీ విరుచుకుని. "ఒకప్పుడు సీతాకోకచిలుక వెనక పరిగెత్తినవాడు. ఇప్పుడు ఎలా కూర్చున్నాడో చూడండి. రాయి! ఇదంతా ఈ సభ..."

ఉపన్యాసం సాగింది. పెద్దమ్మ చెవులు ఊపుతూ వింది, వినీ వినీ విసిగింది. విసిగి, నిలబడ్డచోటే, సభ నడిమధ్యలో, తోక కొంచెం పక్కకి జరిపింది. ముందు వాగు. వెనకే కుప్పలు.

అందరూ శుభ్రత చూసే జవ్వాదమ్మ వైపు తిరిగారు.

"ఆహా!" అంది జవ్వాదమ్మ ముందుగా. "నేల చల్లబడిందమ్మా!"

"మా భూమి పండింది," అంది ముట్టెక్క.

"ఎంత సహజం! ఎంత ధారాళం!" అని చెట్టు మీంచి వాలేశం. సభంతా చప్పట్లు.

చెంగడు తల తిప్పి చూశాడు. ఒక జంతువు అందరి ముందూ పోసింది. ఎవరూ కొట్టలేదు. ముక్కు పట్టుకుని రాయలేదు. పైగా చప్పట్లు! ఇన్నాళ్ళూ వెతుకుతున్న చోటు ఇదన్నమాట! ఆనందంతో వాడి కళ్ళు మెరిశాయి. లేచాడు. దగ్గర్లో నిలువుగా ఉన్నది బొంతన్న ఒక్కడే. ఆయన కాలు చూసుకుని తన కాలెత్తాడు.

"...ఇటువంటి క్రమశి..." దగ్గర ఉపన్యాసం ఆగిపోయింది.

పొద్దున్నుంచీ బిగబట్టింది కదా, ఒక పట్టాన అయిపోలేదు. అయ్యాక చెంగడు తోక ఊపుతూ చుట్టూ చూశాడు, చప్పట్ల కోసం. ఎవరూ కొట్టలేదు. అంతలో ఒక సీతాకోకచిలుక వాడి ముక్కు ముందునుంచి ఎగిరింది.

పొట్ట చుట్టూ ముడి గట్టిది. బొంతన్న మొదట పెద్దమ్మ వేసిన కుప్పల్లోంచి పోయాడు, ఆ తర్వాత మామిడాకుల్లోంచి పోయాడు. ఏం జరుగుతోందో చూద్దామని పెద్దమ్మ వెనకే నడిచింది. పెద్దమ్మ నడిచింది కాబట్టి అడవంతా నడిచింది.

సీతాకోకచిలుక మధ్యలోనే ఎటో పోయింది. చెంగడికి తెలిసిన వాసన తగిలి, బొంతన్న గుహలోకి దూరి, పాతదాని మీద కొంచెం కొత్తది పోశాడు. పెద్దమ్మ తొండం లోపలికి పెట్టి వెంటనే తీసేసింది.

"ఏమయ్యా ఎలుగూ, పక్క తడుపుతావా?"

"నేను కాదమ్మా! నేనే అనుకున్నా గానీ... నేను కాదు!"

అక్కడినుంచి జవ్వాదమ్మ తొర్ర. పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదేం కంపమ్మా?"

"పరిమళం..." అంది జవ్వాదమ్మ నేల చూపులు చూస్తూ.

అక్కడినుంచి ముట్టెక్క గుడిసె. గుమ్మం బయట మట్టిలో పడుకున్న ముసలిపంది చెంగడు లోపలికి పోవడం, కాలెత్తడం కళ్ళారా చూసింది. ఎగిరి లేచింది.

"చూశావటే! చూశావటే! నేను కాదంటే విన్నావా? నన్ను మంచులో పడుకోబెట్టావు కదే, నీ నోట్లో మన్ను పడ!"

కుందేళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వాయి. పెద్దమ్మ నవ్వలేదు.

"ఈ కుక్కకి చోటు నేర్పామన్నారు?"

పేడ అంటిన తల ఎత్తిన బొంతన్నకి కుర్చీ కింద నేల కదులుతున్నట్టయింది.

"వీడి వల్లే! తోలెయ్యండి!" అని అరిచాడు. "ఇప్పుడే, ఈ క్షణమే, రోడ్డు మీదకి!"

ముట్టెక్క తీగ అందుకుంది. అప్పుడు సూదమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

"నన్ను కూడా తోలండి. మా ఇంట్లోనూ పోశాడు. నేనే మట్టి కప్పి ముత్యమని చెప్పాను. వాడొక్కడే ఆ రోడ్డు దాటలేడు."

చెంగడు ఆమెని చూసి తోక ఊపాడు. ఏం జరుగుతోందో వాడికేం తెలుసు.

చెట్టు మీద వాలేశం కంగారు పడ్డాడు. సూదమ్మ మీద జాలితో కాదు. కుక్కకి రాలేదంటే నేర్పినవాడికి రాలేదన్నమాటేగా! తోక పైకెత్తి గబగబా దిగాడు.

"అమ్మా, తొందరపడకండి. ఇది తప్పు కాదు, తనిఖీ! చెంగడు గడప గడపకీ వెళ్ళి, ఎవరి ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో లోపలిదాకా చూసి, సంతకం పెట్టి వస్తున్నాడు. మా శిక్షణే అది. ఊళ్ళో కూడా పై తరగతి కుక్కలకి ఇదే నేర్పుతారు."

పెద్దమ్మ చెంగడి వైపు చూసింది. తనిఖీ అధికారి తన తోకని పట్టుకోబోయి గుండ్రంగా తిరుగుతున్నాడు. తీగ వెంబడి చూపు పోనిచ్చింది. అటు కొసన, బొచ్చు నిండా పేడతో అధ్యక్షుడు.

"తాడుకి ముందెవరు?" అని అడిగింది.

"చెంగడమ్మా."

"వెనక?"

"అధ్యక్షుల వారు."

"మరి నడక నేర్చుకున్నది ఎవరు?"

వాలేశం తోక కిందికి దిగింది.

"భేషుగ్గా నేర్పారు," అంది పెద్దమ్మ. "ఈ ఎలుగు ఇంతసేపు మేలుకుని ఉండటం నేనెన్నడూ చూళ్ళేదు. ఇలాగే కానివ్వండి." ఆ మాట అనేసి కొండ ఎక్కింది. ఎక్కుతున్నంతసేపూ ఒళ్ళు కదిలేలా నవ్వుతూనే ఉంది. కొండ కిందివాళ్ళకి అది ఉరుమనిపించింది.

పెద్దమ్మ వేళాకోళం ఆడిందని కుందేళ్ళకి తెలుసు, ముసలిపందికి తెలుసు. సభకి తెలీదు. పెద్దల నోట మాట వస్తే అర్థం చేసుకోకూడదు, అమలు చెయ్యాలి. "ఇలాగే" అంటే ఎలాగే? పొద్దు వాలేదాకా వాదించి తేల్చారు. ఇప్పుడెలా ఉందో అలాగే. ముందు చెంగడు, వెనక తాడుకి అధ్యక్షుడు. రోడ్డు మాట ఎత్తినవాళ్ళకి శిక్ష.

ఇప్పుడా అడవిలో పొద్దున్నే అదే ఊరేగింపు. చెంగడు పరిగెడుతూ బొంతన్నని ఈడ్చుకుపోతాడు, వాళ్ళ వెనక సభంతా. వాడు ఆగితే ఆగుతారు. వాడు మోదుగాకు చూసి వణికితే వీళ్ళూ వణుకుతారు. వాడు కాలెత్తిన ప్రతిచోటికీ దండలు వేస్తారు. చెంగడు నాలుగు రోజులు గుమ్మం తొక్కకపోతే ముట్టెక్కకి తిండి సయించదు. "నామీద ఎవడో చాడీలు చెప్పుంటాడయ్యా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. జవ్వాదమ్మ జిడ్డు రాయడం మానేసింది. వాడి వాసన ముందు తనదేపాటి అంటోంది. వాలేశం బడిలో జింకపిల్లలకి మెడకి తీగలు కట్టి, లాగితే వెనకే ఎలా పోవాలో నేర్పుతున్నాడు. చురుకైన పిల్లలకి త్వరగానే వచ్చేస్తోంది.

చెంగడు మాత్రం పొద్దుగూకేసరికి బొరియకే వస్తాడు. వద్దన్నా సూదమ్మని ఆనుకునే పడుకుంటాడు. బయట కాపలా నక్కలు.

ఒకనాడు పొద్దున సూదమ్మకి పొట్ట కింద తడి తగిలి మెలకువ వచ్చింది.

"ఒరేయ్, ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు..." అని గొంతు లేపింది. కాపలా నక్కలు లోపలికి తొంగిచూశాయి.

"...కాస్త అటు జరుగుతారా, బాబుగారూ," అంది.

బాబుగారు నిద్రలోనే తోక ఊపారు. వాడి ముక్కు మీద కొత్త రక్తపు చుక్క. సూదమ్మ దాన్ని తుడిచి, తడి లేని పక్క వెతుక్కుంది. బొరియలో అలాంటి పక్క లేదు. అయినా లారీ హారను వినబడనంత దూరంలో ఉన్నాం కదా, అది చాలనుకుని తడిలోనే కళ్ళు మూసుకుంది.

నీతి: కుక్కకి అలవాటు చెయ్యడం చేతకాలేదని సిగ్గుపడకండి, అడవికి అలవాటు చేసెయ్యండి.